గుంటూరున సూర్యజ్వాలలను పట్టిన జాన్సెన్ మహాశయుడు

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీ ఉదయమున గుంటూరు పట్టణమున పట్టపగలే చీకటి క్రమ్మెను. అది సంపూర్ణ సూర్యగ్రహణము. గ్రహణకాలమున పట్టుస్నానము, విడుపుస్నానము చేయుట, జపములు సలుపుట మన పెద్దలకు అలవాటైన విషయములే. కాని ఆనాడు ఆ యూర ఒక ఫ్రెంచి వర్తకుని మేడమీద 44 ఏండ్ల విదేశీయుడొకడు దూరదర్శినికి కన్ను చేర్చి ఆ చీకటినుండి ఒక రహస్యమును రాబట్టుచుండెను. ఆయన ఒక కాలు కుంటి. పేరు పియెర్ జూల్ సీజర్ జాన్సెన్. గ్రహణపు చీకటి ఆరు నిమిషములు నిండకుండగనే విడిపోయెను. ఆయన పని మాత్రము ముగియలేదు. మరునాటి ఉదయమున, గ్రహణము లేకయే, ఆయన ఆ రహస్యమును మరల చూచెను. నేడు లోకమందంతటను ఔత్సాహికులు తమ ఇంటి ముంగిట చిన్న సూర్యదూరదర్శినిని నిలిపి సూర్యుని అంచున లేచు ఎఱ్ఱని జ్వాలలను చూచుచున్నారు. ఆ విద్యకు అక్షరాభ్యాసము గుంటూరున జరిగెను.

జాన్సెన్ 1824వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. తండ్రి సంగీత విద్వాంసుడు. పసితనమున దాది ఏమరుపాటువలన కలిగిన ప్రమాదముచే ఒక కాలు చెడి, ఆయన జీవితాంతము కుంటుచునే నడచెను. ఆ కారణముచేత అందఱు పిల్లలవలె పాఠశాలకు పోవు భాగ్యము ఆయనకు లేకపోయెను. ఇంటి స్థితిగతులు చితికిపోగా పదియాఱేండ్ల ప్రాయముననే ఒక బ్యాంకులో పనికి కుదురుకొనెను. పగలు లెక్కలు వ్రాయుచు, తీరిక దొరికినప్పుడెల్ల చదువుకొనుచు, మెల్లగా విశ్వవిద్యాలయపు మెట్లెక్కెను. ఆయనకు డాక్టరు పట్టము లభించునప్పటికి 1860వ సంవత్సరము వచ్చెను. అప్పటికి వయస్సు 36. ఆ పట్టమునకై ఆయన పరిశోధించిన విషయము కన్ను. కంటిలోని ద్రవములును కటకమును వేడికిరణములను ఎంతవరకు ఆపగలవను దానిని ఆయన కొలిచెను. తరువాతి జీవితమంతయు సూర్యునివైపు చూచుటయందే గడపినవాడు కంటితో చదువు ముగించుట విశేషమే.

ఈ నడుమ 1857లో భూమియొక్క అయస్కాంతరేఖను నిర్ణయించు పనిమీద దక్షిణ అమెరికాలోని పెరూ దేశమునకు పోయి, అచ్చట జబ్బుపడి తిరిగివచ్చెను. ఆ కుంటికాలు ఆయనను ఇంట కూర్చుండనీయలేదు. కాలు బాగున్నవారు చేయని ప్రయాణములను ఆయన చేసెను.

ఆయన చేపట్టిన శాస్త్రమేదియో ఇచ్చట కొంచెము చెప్పుకొనవలెను. సూర్యకాంతిని గాజుపట్టకముగుండ పోనిచ్చినచో ఇంద్రధనుస్సువలె రంగుల పట్టీయై విడిపోవునని చదువరు లెఱుగుదురు. దానికే వర్ణపటమని పేరు. ఆ పట్టీని సన్నని చీలిక గల యంత్రముతో పరిశీలించినచో, రంగుల నడుమ నల్లని గీతలు అనేకములు కానవచ్చును. జర్మనీ దేశస్థుడగు ఫ్రాన్‌హోఫర్ 1814 ప్రాంతమున ఈ గీతలను వందలకొలది గుర్తించి పటము వ్రాసెను. 1859లో కిర్కాఫ్, బున్సెన్ అను వారిరువురు ఆ గీతల భాషను చదివిరి. పొయ్యిలో ఉప్పు పడినప్పుడు మంట పసుపురంగున మెఱయును గదా. అది ఉప్పునందలి సోడియము చేయు సంతకము. ప్రతి మూలపదార్థమునకు ఇట్లే తనదైన గీతలుండును. వేడెక్కిన వాయువు తానే వెలుగునపుడు ఆ గీతలు మెఱపుగీతలై కనబడును. ప్రకాశవంతమైన వస్తువునకు ముందు చల్లని వాయువు అడ్డుపడినచో ఆ తావుననే నల్లని గీతలు కనబడును. కోట్ల మైళ్ళ దూరమున నున్న సూర్యునిలో ఏ పదార్థము లున్నవో నేలమీద కూర్చుండి తెలిసికొనుటకు మార్గ మేర్పడెను.

జాన్సెన్ ఇందొక చిక్కును గమనించెను. ఆ నల్లని గీతలలో కొన్ని సూర్యునివి కావు. సూర్యుడు అస్తమించునపుడు, అనగా కాంతి మన గాలిలో ఎక్కువ దూరము ప్రయాణము చేసి వచ్చునపుడు, అవి ముదురుచున్నవి. మధ్యాహ్నమున పలుచబడుచున్నవి. కనుక అవి మన భూమియొక్క గాలివై యుండవలెను. దీనిని నిరూపించుటకు ఆయన పడిన పాట్లు వినదగినవి. 1864లో స్విట్జర్లాండులోని ఫాల్‌హార్న్ శిఖరమెక్కి, గాలి పలుచనైన చోట ఆ గీతలు సన్నగిల్లుట చూచెను. అదే దేశమున జెనీవా సరస్సు ఒడ్డున నియోన్ గ్రామమందు పెద్ద కట్టెలమంట వేయించి, 21 కిలోమీటర్ల దూరమున జెనీవా నగరమునుండి దానిని పరికించెను. దగ్గఱనున్నప్పుడు మంటలో లేని గీతలు అంత దూరమునుండి చూడగా కనబడెను. 1866లో పారిస్ నగరపు గ్యాసు కర్మాగారమున 37 మీటర్ల పొడవుగల ఇనుపగొట్టమును నీటియావిరితో నింపి, దాని ఒక కొనను దీపములుంచి, రెండవ కొననుండి చూచెను. ఆ గీతలలో పెక్కులు గాలిలోని నీటియావిరివని స్థిరపడెను.

1868 నాటికి జ్యోతిశ్శాస్త్రజ్ఞులను వేధించుచున్న ప్రశ్న ఒకటి యుండెను. సంపూర్ణ గ్రహణమున చంద్రబింబపు అంచుచుట్టును గులాబిరంగు జ్వాలలు కొన్ని కనబడును. 1860 గ్రహణమున స్పెయిన్ దేశమునందు తీసిన ఛాయాపటములవలన అవి చంద్రునివి కావు, సూర్యునివే యని తేలెను. కాని అవి ఏమి? వాయువులా, మేఘములా, పర్వతములా? గ్రహణము నడచు కొలది నిమిషములు తప్ప వాటిని చూచు ఉపాయము లేదు. వాటి వర్ణపటమును తీసి చూచినవారు అదివరకు లేరు. 1868 గ్రహణము ఆ అవకాశ మిచ్చెను. ఆ గ్రహణపు దారి మన దేశముమీదుగా పోవుచుండుటచే ఐరోపానుండి పండితులు తరలివచ్చిరి.

ఫ్రాన్సు నుండి బయలుదేఱిన జాన్సెన్ జూలై నెలలో మద్రాసున దిగి, అచ్చటి అధికారుల సహాయమున ఓడమీద మచిలీపట్టణము చేరి, అచ్చటినుండి గుంటూరు వచ్చెను. గుంటూరునే ఏల ఎంచుకొనెనని అడుగవచ్చును. గ్రహణపు నడిమిరేఖ మచిలీపట్టణమునకు సమీపముగను పోవుచుండెను. మద్రాసు వేధశాలాధిపతి పాగ్సన్ ఆ తీరముననే విడిసెను. కాని తీరమున సముద్రపు మంచు లేచును. పడమటి కొండలవైపు పోయినచో మబ్బులు కొండల నంటుకొని యుండును. గుంటూరు సముద్రమునకును కొండలకును నడుమ నున్నది. ఆగస్టు నెల మనకు వర్షకాలమగుటచే ఎంత ఆలోచించినను దైవముమీద భారము వేయక తప్పలేదు. ఆంగ్లేయ సేనానియగు మేజర్ టెన్నంట్ బృందము కూడ గుంటూరునకే వచ్చి చేరెను. గ్రహణమునకు ముందు దినములలో మేఘములు భయపెట్టెను. ఆ దినమున మాత్రము ఆకాశము తెఱపి యిచ్చెను.

చీకటి కమ్మినంతనే జాన్సెన్ దూరదర్శినికి తగిలించిన వర్ణపటదర్శినియొక్క చీలికను ఒక జ్వాలమీదికి తెచ్చెను. రంగుల పట్టీ మాయమై, దాని స్థానమున ఎఱుపు మొదలుగ ఊదావరకు కొన్ని మెఱపుగీతలు నల్లని తెఱమీద వ్రేలాడుచుండెను. జ్వాలలు వాయుమయములని ఒక్క క్షణమున తేలిపోయెను. ఎఱ్ఱగీతయు నీలిగీతయు ఉదజని యనబడు హైడ్రోజను వాయువునకు చెందిన తావులందే యుండెను. ఆ జ్వాలలలో నొకటి లక్ష కిలోమీటర్ల ఎత్తునకు మించినది. మన భూగోళములు పదింటిని ఒకదానిపై నొకటి పేర్చినంత.

ఇంతవరకు ఆ దినమున ఇతరులును చూచిరి. జాన్సెన్ గొప్పతనము తరువాతి ఆలోచనలో నున్నది. ఆ గీతలు అంతగా మెఱయుట చూచి, గ్రహణము లేకున్నను వీటిని చూడవచ్చునని ఆయనకు అక్కడికక్కడే తోచెను. ఆ పగలే ప్రయత్నింపవలెననుకొనెను గాని మబ్బులు మూసివేసెను. రాత్రి యంతయు ఆయన ఆ ఆలోచనయందే గడపి, తెల్లవారుజామున మూడు గంటలకే లేచి యంత్రమును సిద్ధపఱచెను. సూర్యుడు ఉదయించి పొగమంచు విడగానే, ముందటి దినము జ్వాల కనబడిన అంచునకు చీలికను తెచ్చెను. ఎఱ్ఱని మెఱపుగీత కనబడెను! చంద్రుడు అడ్డులేడు. చీకటి లేదు. పట్టపగలు, ప్రచండ సూర్యుని ప్రక్కనే, సూర్యజ్వాల పట్టుబడెను.

ఇది ఎట్లు సాధ్యమయ్యెను? పగటివేళ జ్వాలలు కనబడకుండుటకు కారణము అవి వెలుగకపోవుట కాదు, వాటిచుట్టునున్న ఆకాశపు తళుకు వాటిని మింగివేయుట. ఒక చెంబుడు నీళ్ళలో ఒక గులకరాయి యున్నదనుకొనుడు. ఆ నీళ్ళను నేలమీద కుమ్మరించినచో నీళ్ళు నలుదిక్కులకు పాఱి పలుచబడిపోవును. రాయి మాత్రము రాయిగనే యుండును. ఆకాశపు తళుకులో అన్ని రంగులును కలవు. పట్టకములు దానిని పొడవైన పట్టీగా పఱచినకొలది అది పలుచబడును. జ్వాలలోని హైడ్రోజను కాంతి కొలదిపాటి రంగులలో మాత్రమే యున్నది గనుక ఎంత పఱచినను పలుచబడదు. ఎక్కువగా పఱచుము, ఒక్క రంగునే పట్టుకొనుము. ఇదియే జాన్సెన్ కనిపెట్టిన ఉపాయము.

సెప్టెంబరు 4వ తేదీ వరకు, పదునేడు దినములు, ఆయన గుంటూరున నిలిచి జ్వాలల ఆకారములను గుర్తించుచు పటములు వ్రాసెను. చీలికను కొంచెము కొంచెముగ జరుపుచు, గీత ఎచ్చట పొడవై ఎచ్చట పొట్టియై యున్నదో కొలిచి, ఆ కొలతలనుండి జ్వాల రూపమును కూర్చుకొనవలెను. క్షణముల వ్యవధిలో అవి రూపు మార్చుకొనుటయు చూచెను. ఆఱు నిమిషముల గ్రహణము ఆయనకు పదునేడు దినముల గ్రహణమైనది. పిమ్మట కాకినాడకు పోయి, అచ్చటినుండి సెప్టెంబరు 19వ తేదీన ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తునకు లేఖ వ్రాసెను.

ఆ లేఖ ఓడలమీద మెల్లగా పోవుచుండగా ఇంగ్లండున ఇంకొక కథ నడచెను. నార్మన్ లాక్యర్ అను ఔత్సాహికుడు, యుద్ధశాఖ కార్యాలయమున గుమాస్తాగా నుండి ఇంటివద్ద ఆకాశమును పరిశీలించువాడు, ఇదే ఉపాయమును 1866లోనే ఊహించెను. కాని దానికి తగిన యంత్రము తయారగుటలో జాగు జరిగి 1868 అక్టోబరులోగాని చేతికి రాలేదు. అక్టోబరు 20వ తేదీన, గుంటూరు సంగతి యేమియు తెలియకయే, ఆయనయు జ్వాలల గీతలను చూచెను. ఇరువురి వార్తలును పారిస్ పరిషత్తునకు అక్టోబరు 26వ తేదీన, ఒకే సమావేశమునకు, కొలది నిమిషముల తేడాతో అందెను. ఇట్టి సందర్భములలో విద్వాంసులు కీచులాడుకొనుట లోకరీతి. వీరిద్దఱు మాత్రము జీవితాంతము స్నేహితులుగ మెలగిరి. 1872లో ఫ్రెంచి ప్రభుత్వము ఇరువురి ముఖములను ఒకే పతకముపై ముద్రించి గౌరవించెను.

ఇచ్చట ఒక మాట చెప్పక తప్పదు. హీలియము వాయువును జాన్సెన్ గుంటూరున కనుగొనెనని మన ప్రాంతమున తఱచు వ్రాయుదురు, సభలలో చెప్పుదురు. అది సరికాదు. జ్వాలలలో పసుపుగీత యొకటి ఆ దినమున పలువురికి కనబడిన మాట నిజమే. దానిని చూచినవారు సోడియమునదే యనుకొనిరి. ఆ గీత సోడియమునది కాదని, తెలిసిన ఏ పదార్థమునకును చెందదని తరువాత నిర్ణయించినవాడు లాక్యర్. హీలియమను పేరు అచ్చటినుండి వచ్చినది. భూమిమీద దానిని 1895లో రామ్‌సే పట్టుకొనెను. జాన్సెన్ తన లేఖలలో క్రొత్త మూలపదార్థ మేదియు కనుగొంటినని చెప్పుకొనలేదు. ఆయన చెప్పుకొనినది ఉపాయమును గూర్చి మాత్రమే. గుంటూరునకు నిజముగ చెందిన కీర్తి ఉండగా, చెందని దానిని తగిలించుట ఎందులకు? సూర్యుని హైడ్రోజను జ్వాలలను ఏ దినమైనను చూచు మార్గము మన గడ్డమీద తెఱవబడినదనుట చిన్న మాట కాదు.

ఆ తరువాత ఆయన జీవితము ఒక యాత్రాచరిత్ర. 1870 డిసెంబరున ఆఫ్రికా ఉత్తరతీరమున సంపూర్ణ గ్రహణము కలదు. అప్పుడు పారిస్ నగరము జర్మను సేనల ముట్టడిలో నుండెను. శత్రువుల అనుమతిపత్రముతో నగరము దాటు అవకాశమున్నను ఆయన దానిని వినియోగించుకొనక, డిసెంబరు 2వ తేదీ ఉదయమున ఒక నావికుని వెంటబెట్టుకొని, విడదీసిన యంత్రములతో బెలూనునెక్కి ముట్టడిపైనుండి ఎగిరిపోయెను. కొన్ని గంటలలో పడమటి సముద్రతీర ప్రాంతమున దిగెను. ఇంత సాహసము చేసి అల్జీరియాలోని ఒరాన్ పట్టణము చేరగా, గ్రహణము వేళకు మబ్బు మూసివేసెను. మఱుసటి సంవత్సరము డిసెంబరు 12వ తేదీ గ్రహణమునకు మరల మన దేశమునకు వచ్చి, నీలగిరులలో షూలూరను చోట నిలిచి, అదృష్టము కలిసిరాగా సూర్యుని ప్రభామండలమును పరిశోధించెను. ఆ మండలపు కాంతి మిక్కిలి మందము. అందుచే ఈసారి ఆయన వెడల్పైన అద్దముతో, పొట్టి గొట్టముతో, ఎక్కువ కాంతిని కూడబెట్టు దూరదర్శినిని ప్రత్యేకముగా చేయించుకొనివచ్చెను. 1868లో ఆయనకు కావలసినది కాంతిని పఱచు యంత్రము. 1871లో కావలసినది కాంతిని పోగుచేయు యంత్రము. ఏది చూడవలెనో మొదట నిశ్చయించుకొని దానికి తగిన సాధనమును ఎంచుకొనుట ఆయన పద్ధతి.

1874లో శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా దాటునపుడు జపాను దేశమందలి నాగసాకికి పోయెను. అందులకై ఆయన నిర్మింపజేసిన ఛాయాచిత్ర యంత్రము 72 సెకండ్లలో 48 పటములను ఒకదాని వెంట నొకటి తీయగలది. తరువాత వచ్చిన చలనచిత్ర యంత్రమునకు దీనిని పూర్వికునిగ చెప్పుదురు. ఈ ప్రయాణములు కొన్నింటిలో భార్య హెన్రియెట్ ఆయన వెంట నుండెను.

1876లో పారిస్ సమీపమున మ్యూడాన్ అను చోట, యుద్ధకాలమున కాలిపోయిన రాజభవనపు శిథిలములను ప్రభుత్వము ఆయనకిచ్చెను. ఆ మొండిగోడల నడుమ ఆయన సూర్యవేధశాలను స్థాపించి, సుమారు 13 సెంటీమీటర్ల వెడల్పుగల కటకముతో, సెకండులో వెయ్యవ వంతుకంటెను తక్కువ కాలములో, సూర్యబింబపు ఛాయాపటములు తీయించెను. బియ్యపుగింజలు పఱచినట్లు సూర్యుని ముఖమంతయు గరుకుగ నుండుట వాటిలో స్పష్టముగ పడెను. కంటికి కొంచెము కొంచెముగ మాత్రమే దొరకిన ఆ దృశ్యమును ఆయన పలకమీద నిలిపెను. 1876 మొదలు 1903 వరకు తీసిన పటములు ఆఱువేలకు మించినవి. వాటిలో ఎన్నిక చేసినవి గ్రంథరూపమున వెలువడెను.

వృద్ధాప్యమున ఆయన చేసిన పని ఒక్కటి నేటికిని ఆశ్చర్యము గొలుపును. సూర్యునిలో ప్రాణవాయువు కలదా లేదా యను సందేహము తీర్చుకొనుటకు, గాలి పలుచనైన మోంబ్లాఁ శిఖరమునకు పోవలెనని సంకల్పించెను. అది 4800 మీటర్లకు మించిన మంచుకొండ. కాలు కుంటి, వయస్సు డెబ్బదికి దగ్గఱ. నిచ్చెనవంటి కుర్చీమీదను, మంచుమీద లాగు బండిమీదను కొండదారి చూపువారు ఆయనను మోసికొనియు ఈడ్చుకొనియు పైకి చేర్చిరి. 1890లో తుపాను పట్టుకొని దినములతరబడి దారిలోని పాకలో నిలువవలసివచ్చెను. 1893లో శిఖరముమీదనే వేధశాలను నిలిపెను. క్రింద రాయి దొరకునేమోయని సొరంగము త్రవ్విచూచినను దొరకక, మంచుమీదనే పునాది వేయవలసివచ్చినది. ఆయన చేరిన నిర్ణయము సరియైనదే: తాను పరిశీలించుచున్న ప్రాణవాయువు గీతలు మన గాలివే, సూర్యునివి కావు. కట్టడము మాత్రము ఏటేట మంచులో క్రుంగి, 1909లో తొలగింపబడెను. కట్టిన మహనీయుడు దానిని చూడలేదు. 1905లో, 81 ఏండ్ల వయస్సున, స్పెయిన్ దేశమునకు పోయి తన చివరి గ్రహణమును చూచి, 1907 డిసెంబరు 23వ తేదీన మ్యూడాన్ నందే కన్నుమూసెను.

జాన్సెన్ విడిచిపోయిన బీజము ఒకటి ఆయన బ్రతికియుండగనే మొలకెత్తెను. గీతల పొడవు కొలిచి జ్వాల రూపమును ఊహించుట శ్రమ. 1869లోనే హగిన్స్ అను ఆంగ్లేయుడు చీలికను వెడల్పు చేసినచో జ్వాల మొత్తము కనబడునని చూపెను. అదే సంవత్సరము జాన్సెన్ వేఱొక ఊహ చెప్పెను. వర్ణపటములో కావలసిన గీతయొద్ద రెండవ చీలికను పెట్టి, తక్కిన రంగులనన్నిటిని ఆపి, యంత్రమును వేగముగ త్రిప్పినచో ఒకే రంగులో సూర్యుని రూపము కంటికి కట్టునని. ఆనాడు అది ఊహగనే నిలిచెను. 1890 తరువాత అమెరికాలో హేలు, ఫ్రాన్సులో డెలాండ్రు ఇదే సూత్రముమీద ఛాయాపటములు తీయు యంత్రములను నిర్మించిరి. డెలాండ్రు జాన్సెన్ పిలుపుమీద మ్యూడాన్ చేరి, ఆయన తరువాత ఆ వేధశాలకు అధిపతి యయ్యెను. మన దేశమున కొడైకెనాల్ వేధశాల 1912 నుండి హైడ్రోజను ఎఱ్ఱగీతలో సూర్యుని పటములు తీయసాగెను. హేలు వృద్ధాప్యమున, 1924 ప్రాంతమున, కంటితోనే చూడదగిన యంత్రమును తయారుచేసి, ఔత్సాహికులును తామే నిర్మించుకొనునట్లు దాని వివరములను ప్రకటించెను. పిమ్మట మ్యూడాన్‌లోనే పనిచేసిన లియో అను శాస్త్రజ్ఞుడు చీలికలు, పట్టకములు అక్కఱలేకుండ, స్ఫటికపు పలకలతో ఒకే రంగును వడకట్టు ఫిల్టరును రూపొందించెను.

నేడు ఔత్సాహికుల చేతికి వచ్చిన చిన్న సూర్యదూరదర్శిని ఈ వంశమునదే. హైడ్రోజను ఎఱ్ఱగీతను హైడ్రోజన్-ఆల్ఫా యందురు. దాని తరంగపు పొడవు 6563 ఆంగ్‌స్ట్రాములు. ఒక సెంటీమీటరును పదికోట్ల భాగములు చేసినచో ఒక భాగము ఒక ఆంగ్‌స్ట్రాము. ఈ దూరదర్శినిలో ఎటలాన్ అను జంట అద్దాల పలక యుండును. ఫాబ్రీ, పెరో అను ఫ్రెంచివారిరువురు పందొమ్మిదవ శతాబ్దము చివర కనిపెట్టిన సూత్రమది. అది ఆ గీతచుట్టును ఒక ఆంగ్‌స్ట్రాము మేరగాని, అంతకు తక్కువగాని కాంతిని వదలును. దానితోపాటు అక్కఱలేని ఇతర రంగులను ఆపు బ్లాకింగ్ ఫిల్టరును ఉండును.

ఒక పాఠశాలగాని గ్రంథాలయముగాని అట్టి దూరదర్శినిని కొనదలచినచో, జాన్సెన్ వలెనే మొదట ఏమి చూడవలెనో నిశ్చయించుకొనుట మేలు. సూర్యబింబముమీది మచ్చలు మాత్రమే చాలుననుకొన్నచో ఇంత ఖరీదు పెట్టనక్కఱలేదు. మామూలు దూరదర్శిని ముందు, దానికని చేసిన సూర్యఫిల్టరును గట్టిగ బిగించినచో చాలును. అంచున లేచు జ్వాలలు కావలెనన్నచో ఒక ఆంగ్‌స్ట్రాము వదలు యంత్రమైనను, 40 మిల్లీమీటర్ల కటకమైనను చక్కగ చూపును. బింబముమీది నల్లని తంతువులు, మచ్చల ప్రక్క మెఱయు ప్రదేశములు స్పష్టముగ కావలెనన్నచో 0.7 ఆంగ్‌స్ట్రాముకంటె సన్నని యంత్రము కావలెను. ఒక ఎటలాన్‌మీద మఱియొకటి చేర్చి 0.5 వఱకు దింపువారు కలరు. దానివలన వివరము హెచ్చును, వెలుగు తగ్గును. 60 మిల్లీమీటర్ల కటకము ఇంకను సూక్ష్మముగ చూపును గాని, పగటి ఎండలో గాలి కదలాడునప్పుడు పెద్ద కటకపు లాభము కొంత వ్యర్థమగును. బ్లాకింగ్ ఫిల్టరు వెడల్పును చూడకుండ కొనరాదు. దూరదర్శిని నాభిదూరములో సుమారు 109వ వంతు సూర్యుని బింబము పడును. 500 మిల్లీమీటర్ల నాభిదూరమైనచో నాలుగున్నర మిల్లీమీటర్లకు పైన. ఫిల్టరు అంతకంటె కొంచెము పెద్దది కాకున్నచో సూర్యుడు మొత్తము కనబడడు.

రాత్రులందు చంద్రుని, గ్రహములను ఇది చూపజాలదు. అందుచే కొందఱు మామూలు దూరదర్శినికే తగిలించుకొను హైడ్రోజన్ ఫిల్టరును కొనుచుందురు. పదిమంది పిల్లలు చేరు చోట మాత్రము, భాగములు ఊడదీయనక్కఱలేని ప్రత్యేక సూర్యదూరదర్శినియే క్షేమము. ఒక్క ఫిల్టరు మఱచినచో క్షణములో కన్ను పోవును. మామూలు దూరదర్శినితో సూర్యుని ఎన్నడును చూడరాదు. కంటివైపు అమర్చు పాతకాలపు నల్ల అద్దములు వేడికి పగులును గనుక వాటిని నమ్మరాదు. వాడని వేళ పొడి చోట, తేమ తగులని పెట్టెలో నుంచవలెను.

చూచుటకు మంచివేళ ఉదయము. నేల వేడెక్కి గాలి మరుగుట మొదలు పెట్టకముందు బింబపు అంచు నిలకడగ నుండును. గుంటూరు మేడమీద జాన్సెన్ మూడు గంటలకు లేచినది ఆ వేళ కొఱకే.